ఇంగ్లండు చేలలో పాత నాణేలు: మెటల్ డిటెక్టర్‌తో వెతికే పద్ధతి

మన పాత భూమి దస్తావేజులలో అమ్మే పొలానికి నాలుగు హద్దులూ రాసిన తరువాత, “నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములు” అనే అష్టభోగాలతో సహా ఇచ్చివేస్తున్నామని రాసేవారు. ఆ ఎనిమిదింటిలో మొదటి రెండూ నేలలో దాగిన ధనానికి సంబంధించినవే. నేలలో ఉన్నది ఎవరిది అన్న ప్రశ్నను మన పెద్దలు పొలం చేతులు మారేనాడే తేల్చుకునేవారు. ఇంగ్లండులో డిటెక్టర్ పట్టుకుని పాత నాణేలు వెతకదలచినవారు కూడా యంత్రం కొనడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న అదే.

ఈ వ్యాసం ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో నివసిస్తున్న తెలుగువారి కోసం రాసినది. పక్కనే ఉన్న దేశాలలో చట్టం వేరు. స్కాట్లండులో దొరికిన పురావస్తువు ఎంత చిన్నదైనా, ఒంటరి నాణెమైనా, ప్రభుత్వానికి తెలియజేయాలి. ఉత్తర ఐర్లండులో పురావస్తువుల కోసం తవ్వడానికి లైసెన్సు కావాలి. ఐర్లండ్ రిపబ్లిక్‌లో లిఖితపూర్వకమైన అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడడమే నేరం. అమెరికాలో ఉన్న మనవారు జాతీయ ఉద్యానవనాలలో డిటెక్టర్ వాడరాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్న పాఠకులు ఈ పద్ధతిని అక్కడ ఆచరించకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి బయటపడిన పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువునైనా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. గుప్తనిధుల పేరుతో పాత గుళ్ల గర్భాలయాలను, నంది విగ్రహాలను పగలగొట్టినవారి వల్ల మనం పోగొట్టుకున్నది బంగారం కాదు, చరిత్ర. ఆ మాట ఎందుకు అంటున్నానంటే, సిముకుని పేరున్న నాణేలు కోటిలింగాల గడ్డ మీదనే దొరికాయని తెలియడం వల్లనే శాతవాహనుల తొలి దశలో తెలంగాణ స్థానం గురించిన వాదానికి బలం వచ్చింది. అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా ఒక వ్యాపారి పెట్టెలో కనిపించి ఉంటే, వాటికి వెల మాత్రమే ఉండేది. దొరికిన చోటు తెలిసిన నాణెం ఒక సాక్ష్యం. ఈ వ్యాసంలో చెప్పబోయే ప్రతి జాగ్రత్తకూ ఆధారం ఇదే.

ఇక అనుమతి సంగతి. ఇంగ్లండులో ప్రతి అంగుళం నేలకూ ఒక యజమాని ఉంటాడు. చేల మధ్యగా పోయే కాలిబాట మీద నడిచే హక్కు అందరికీ ఉన్నా, ఆ బాట మీద డిటెక్టర్ ఆడించే హక్కు ఎవరికీ లేదు. ఊరి పార్కు అయితే కౌన్సిల్‌ను అడగాలి. నేషనల్ ట్రస్ట్ భూములలో సాధారణంగా అనుమతి ఇవ్వరు. థేమ్స్ నది ఒడ్డున వెతకాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి. ప్రభుత్వం సంరక్షిత స్థలాలుగా ప్రకటించిన ప్రాచీన కట్టడాల నేల మీద, యజమాని ఒప్పుకున్నా సరే, హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ లిఖిత అనుమతి లేకుండా డిటెక్టర్ వాడడం 1979 చట్టం ప్రకారం నేరం. ఆ స్థలాల జాబితా, పటాలతో సహా ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉంది కనుక, చేలో అడుగు పెట్టే ముందు అది చూడకపోవడానికి ఏ సాకూ లేదు.

రైతును అడగడానికి స్వయంగా వెళ్లడం మంచిది. కోతల రోజుల్లో, గొర్రెలు ఈనే వసంతకాలంలో వెళ్లకూడదు. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మనకు ఈ మాట ఇంకొకరు చెప్పనక్కరలేదు. మీరెవరో, ఎక్కడ ఉంటారో చెప్పి, పొలం పని గురించి నాలుగు మాటలు మాట్లాడిన తరువాత అడగండి. మా తాతది వరి వ్యవసాయం అని చెప్పినప్పుడు ఒక పెద్దాయన అరగంట సేపు నీటి ఎద్దడి గురించే నన్ను అడిగి, చివరికి తానే గేటు తీసి చేను చూపించారు. అనుమతి దొరికితే దాన్ని కాగితం మీద పెట్టాలి: ఏ చేలు, ఏ నెలలు, దొరికినదాన్ని ఎలా పంచుకోవాలి, విలువైనది దొరికితే ఎవరికి చెప్పాలి అన్నవన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. సగం సగం పంచుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. కౌలు భూమి అయితే కౌలుదారూ యజమానీ ఇద్దరూ ఒప్పుకోవాలి. పర్యావరణ పథకాల కింద ప్రభుత్వ సహాయం పొందుతున్న చేలకు అదనపు షరతులు ఉండవచ్చు కనుక, ఆ సంగతి రైతునే కనుక్కోమనాలి. నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్‌లో సభ్యత్వం తీసుకుంటే పరులకు జరిగే నష్టానికి బీమా కూడా లభిస్తుంది. ఆ కార్డు చూపిస్తే రైతుకు కొంత ధైర్యం కలుగుతుంది.

యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని మాట ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. డిటెక్టర్ అడుగున పళ్లెంలా ఉండే భాగాన్ని కాయిల్ అంటారు. అందులోని ఒక తీగచుట్ట నిరంతరం దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. దాని ప్రభావంతో నేలలోని లోహంలో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడుల వల్ల ఏర్పడే బలహీనమైన క్షేత్రాన్ని రెండవ తీగచుట్ట పసిగడుతుంది. పంపినదానికీ అందినదానికీ మధ్య వచ్చే తేడాను కొలిచి, యంత్రం ఒక శబ్దం చేసి, ఒక అంకె చూపిస్తుంది. మందమైన వెండి నాణెం పెద్ద అంకె చూపితే, ఇనుము అన్నిటికన్నా కింద ఉంటుంది. చిక్కంతా మధ్యలోనే ఉంది. రేకులా పలుచగా ఉండే మధ్యయుగపు వెండి నాణెం ముక్కకూ, చాక్లెట్ కాగితానికీ, పానీయాల డబ్బా మూతకూ దాదాపు ఒకే అంకె రావచ్చు. అందువల్ల చెత్తను తప్పించుకుందామని యంత్రం చెవులు ఎక్కువగా మూసివేస్తే, చెత్తతోపాటు నాణేలు కూడా జారిపోతాయి. ఇనుమును మాత్రమే తగ్గించుకుని, మిగిలిన ప్రతి శబ్దాన్నీ తవ్వి చూడడం కొత్తవారికి మేలు. చేతికి విసుగు వస్తుంది కానీ, చెవికి చదువు వస్తుంది.

తక్కువ ఫ్రీక్వెన్సీ లోతున ఉన్న పెద్ద నాణేలను, ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న, పలుచని నాణేలను బాగా పట్టుకుంటాయి. ఇప్పుడు వస్తున్న యంత్రాలలో చాలా వరకు ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలతో పనిచేస్తాయి కనుక, మొదటి యంత్రంగా వాటిలో మధ్యరకంది, వాడినదైనా సరే, సరిపోతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా నాణెం అంత వస్తువును మామూలు నేలలో ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల లోతుకు మించి గట్టిగా పట్టుకోవడం అరుదు. యంత్రంతోపాటు హెడ్‌ఫోన్స్, తవ్విన మట్టిలో వస్తువును వెతికే చిన్న పిన్‌పాయింటర్, గట్టి స్పేడ్, జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచులు, పెన్ను తీసుకువెళ్లాలి.

ఎక్కడ వెతకాలన్నది ఇంట్లో కూర్చుని తేల్చవలసిన విషయం, నా అనుభవంలో ఫలితం సగానికి పైగా అక్కడే నిర్ణయమవుతుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైటులో బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ అయిన ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన ఇంగ్లండు పాత పటాలను కూడా ఉచితంగా, నేటి పటం మీద పరచి చూడవచ్చు. చర్చికి చెల్లించే పదో వంతు పన్ను లెక్క కోసం, 1836 చట్టం తరువాత తయారైన టైథ్ పటాలకు జతచేసిన జాబితాలలో చాలా చేలకు ఆనాటి పేరు ఉంటుంది. సంత జరిగిన చోటు, మర ఉన్న చోటు, వాగు దాటే రేవు ఆ పేర్లలో మిగిలి ఉంటాయి, మన ఊళ్లలో సంతబయలు, కోటదిబ్బ అన్న పేర్లు మిగిలినట్టే. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ విడుదల చేసిన లైడార్ చిత్రాలలో, అంటే విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచి చేసిన చిత్రాలలో, కంటికి కనిపించని పాత గట్లు, ఇళ్ల పునాదుల మెరకలు నీడలు నీడలుగా కనిపిస్తాయి. ఇప్పుడు మాయమైన కాలిబాటలు, రెండు బాటలు కలిసే చోట్లు, పాత గేట్ల పరిసరాలు, చర్చికీ ఊరికీ మధ్యనున్న చేలు మంచి చోట్లు. ఫాస్ వే, వాట్లింగ్ స్ట్రీట్ వంటి రోమన్ రహదారులకు అటూ ఇటూ ఉన్న చేలు కూడా అంతే.

అయినా ఊరికి దూరంగా ఉన్న చేలలో కూడా నాణేలు దొరుకుతాయి, దానికి ఒక కారణం ఉంది. మధ్యయుగంలో ఇళ్లలోని చెత్త, పశువుల పెంట కలిపి చేలకు తోలేవారు. ఇంట్లో జారిపడిన పెన్నీ ఊడ్పులో పెంటకుప్ప చేరి, అక్కడి నుంచి బండి ఎక్కి చేనికి వచ్చేది. పెంట తోలడం చూసినవారికి ఈ ప్రయాణం ఊహించడం కష్టం కాదు. ఇదే పద్ధతి ఇప్పుడు మనకు శత్రువుగా కూడా మారింది: పట్టణాల తోట చెత్తతో చేసిన ఎరువు తోలిన చేలలో అల్యూమినియం తునకలు లెక్కలేనన్ని ఉండి, యంత్రం ఒక్క క్షణం మౌనంగా ఉండదు. అటువంటి చేను అని రైతు చెబితే వేరే చేను అడగడం మంచిది.

కోతలు అయిన ఆగస్టు, సెప్టెంబరు నెలల నుంచి కొత్త పైరు మొలకెత్తే వరకు వెతకడానికి అనువైన కాలం. కొయ్యకాళ్లు పొడవుగా ఉంటే కాయిల్ నేలకు దగ్గరగా రాదు. లోతు దుక్కి దున్నిన వెంటనే పెద్ద పెద్ద పెళ్ళలు లేచి ఉంటాయి కనుక, చదును చేసి విత్తిన తరువాత, మొలక రాకముందు దొరికే కొద్ది రోజులు చాలా విలువైనవి. అయితే ఆ రోజుల్లో అడుగు పెట్టడానికి రైతును మళ్లీ అడగాలి. ఎండిన నేల కన్నా వాన కురిసి తేమ పట్టిన నేలలో శబ్దాలు స్పష్టంగా వస్తాయి.

చేలోకి దిగిన తరువాత మొదట చేయవలసింది యంత్రాన్ని ఆ నేలకు అలవాటు చేయడం, అంటే నేలలోని ఖనిజాల ప్రభావాన్ని లెక్కలోంచి తీసివేసే గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచూసుకోవడం. ఆ తరువాత కాయిల్‌ను నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, నేలకు సమాంతరంగా, అటూ ఇటూ నెమ్మదిగా ఆడించాలి. ఊయలలా రెండు కొసల్లోనూ పైకి లేపడం కొత్తవారందరూ చేసే పొరపాటు. ఆ కొసల కింద లోతు పూర్తిగా పోతుంది. ఒక ఊపులో కాయిల్ తిరిగిన చోటును తరువాతి ఊపు సగమైనా కప్పేలా అడుగు వేయాలి. చేనంతా తిరగడం కన్నా, తాడు పట్టినట్టు వరుసలు కట్టి ఒక మూలను పూర్తిగా చూడడం మంచిది. శబ్దం వినిపించినప్పుడు ఆగి, అదే చోటును అడ్డంగానూ నిలువుగానూ ఊపి చూడాలి. రెండు దిక్కుల నుంచీ ఒకే స్వరంతో, తెగకుండా వినిపిస్తే తవ్వాలి. ఒక దిక్కున పలికి ఇంకొక దిక్కున చిట్లితే అది ఎక్కువగా తుప్పు పట్టిన మేకు అవుతుంది, అయినా మొదటి నెలల్లో దాన్ని కూడా తవ్వి చూడాలని నా సలహా.

దున్నిన చేలో శబ్దానికి జానెడు దూరంలో స్పేడ్ దించి ఒక్కసారిగా మట్టి ఎత్తాలి. శబ్దం మీదనే దించితే నాణేనికి గాటు పడుతుంది. పచ్చిక నేలలో అయితే మూడు వైపుల కోసి, నాలుగో వైపు తలుపు బందులా ఉంచి, మట్టిపెళ్ళను వెనక్కి మడిచి, పని అయ్యాక మళ్లీ మూసి తొక్కాలి. గుంత పూడ్చకుండా వదిలితే గొర్రె కాలు విరుగుతుంది, మరుసటి రోజు అనుమతి పోతుంది. తీసిన చెత్త ఇనుమును, సీసాన్ని సంచిలో వేసుకుని బయటికి తీసుకురావాలి. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటి ఉంది: దుక్కి నాగలి తిరగేసిన పై పొర దాటి, కదలని నేలలోకి తవ్వకూడదు. పై పొరలోని వస్తువు ఎప్పుడో చోటు మారినది. కింది పొరలోనిది పెట్టినచోటే ఉన్నది. ఎముకలు కనిపిస్తే ఆగి పోలీసులకు చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధపు బాంబులా కనిపించేది ఏదైనా ఉంటే ముట్టుకోకుండా దూరంగా వెళ్లి 999కు ఫోన్ చేయాలి.

మొదట దొరికేవి గుండీలు, సీసపు తూటాలు, జార్జ్ రాజుల కాలపు అరిగిపోయిన రాగి నాణేలు, విక్టోరియా రాణి కాలపు కంచు పెన్నీలు. వాటిని చూసి నిరాశపడకూడదు. ఆ చేలో మనుషులు తిరిగారని అవి చెబుతున్నాయి. మధ్యయుగపు వెండి పెన్నీ మన పావలా బిళ్లంత ఉండి, గ్రామున్నర లోపు బరువు తూగుతుంది. 1279లో ఒకటో ఎడ్వర్డ్ రాజు నాణేలను సంస్కరించక ముందు చిల్లర కోసం పెన్నీనే రెండుగానో నాలుగుగానో కోసి వాడేవారు కనుక, అర్ధచంద్రుడిలాంటి ముక్క దొరికితే విరిగిన నాణెం అనుకుని పారవేయకూడదు. ఎడ్వర్డ్ పెన్నీకి బొమ్మ వైపు కిరీటంతో ఎదురుగా చూసే ముఖం, బొరుసు వైపు పొడవైన శిలువ, దాని సందుల్లో మూడేసి చుక్కలు, చుట్టూ ముద్రించిన పట్టణం పేరు ఉంటాయి. రోమన్ నాణేలలో ఎక్కువగా దొరికేవి మూడు, నాలుగు శతాబ్దాల చిన్న కంచు నాణేలు. ముళ్లలాంటి కిరణాల కిరీటం ఉన్న చక్రవర్తి ముఖం కనిపిస్తే అది దాదాపుగా మూడో శతాబ్దానిది.

ఒకే చోట రెండో నాణెం, మూడో నాణెం రావడం మొదలైతే తవ్వడం ఆపాలి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. లంకె బిందెల కథలు విన్న ప్రతి మనసూ ఆ క్షణంలో ఇంకొక్క పార మట్టి తీయమంటుంది. 1992లో సఫోక్‌లోని హాక్సన్ గ్రామంలో ఎరిక్ లాస్ అనే ఆయన, రైతు మిత్రుడు పోగొట్టుకున్న సుత్తిని వెతుకుతూ రోమన్ బంగారాన్ని కనుగొన్నారు. ఆయన పూర్తిగా తవ్వకుండా అధికారులకు కబురు చేశారు. మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి తీయడం వల్ల సుమారు పదిహేను వేల నాణేలతోపాటు, అవి ఉంచిన కొయ్యపెట్టె ఆనవాళ్లు, అందులో ఏ వస్తువు ఎక్కడ సర్దారన్న క్రమం కూడా దక్కాయి. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

2010లో సోమర్సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్‌కు ఒక కుండ అంచు తగిలింది. ఆయన కూడా ఆగారు. పొరలు పొరలుగా తీయగా 52,503 నాణేలు వచ్చాయి, వాటి బరువు సుమారు 160 కిలోలు. ఏళ్ల తరబడి కూడబెట్టిన కుండ అయితే అన్నిటికన్నా కొత్త నాణేలు పైన ఉండాలి. కానీ ఆఖరి కాలానికి చెందిన, బ్రిటన్‌ను ఏలిన రోమన్ చక్రవర్తి కరౌసియస్ నాణేలలో చాలా భాగం కుండలో కిందివైపు ఉన్నాయి. కాబట్టి ఆ కుండను ఒక్కసారిగా నింపారని తెలిసింది. ఆయన చేతులతో తోడి బస్తాలో పోసి ఉంటే ఈ ఒక్క మాట ఎప్పటికీ తెలిసేది కాదు.

చట్టం కూడా ఇక్కడ స్పష్టంగా ఉంది. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం, మూడు వందల ఏళ్లు దాటి, పదో వంతైనా బంగారం లేదా వెండి ఉన్న నాణేలు రెండు ఒకే చోట దొరికితే అవి నిధి కిందికి వస్తాయి. అంతకన్నా తక్కువ బంగారం, వెండి ఉన్నవైతే పది ఉండాలి. పద్నాలుగు రోజులలో ఆ ప్రాంతపు కరోనర్‌కు (అనుమానాస్పద మరణాలతోపాటు నిధులను కూడా విచారించే అధికారికి) తెలియజేయాలి, తెలియజేయకపోవడం జైలుశిక్ష పడగల నేరం. మ్యూజియం ఆ నిధిని తీసుకోదలిస్తే నిపుణుల సంఘం వెల కట్టి, సాధారణంగా ఆ సొమ్మును కనుగొన్నవారికీ భూయజమానికీ సమానంగా ఇస్తారు. 2015లో లెమ్‌స్టర్ దగ్గర దొరికిన వైకింగుల కాలపు నిధిని ఇద్దరు దాచిపెట్టి అమ్మారు. 2019లో వారికి ఏళ్ల తరబడి జైలుశిక్ష పడింది. అందులో సుమారు మూడు వందల నాణేలు ఉండి ఉంటాయని అంచనా వేస్తే, అప్పటికి తిరిగి దొరికినవి ముప్ఫై దాకా మాత్రమే. తొమ్మిదో శతాబ్దంలో వెసెక్స్‌ను ఏలిన ఆల్ఫ్రెడ్ రాజూ, పొరుగు రాజ్యమైన మెర్సియా రాజు రెండో కెయోల్‌వుల్ఫూ ఒకే రకమైన నాణేలు వేయించారని చూపిన అరుదైన నిధి అది. చెల్లాచెదురైన మిగతావి ఏమి చెప్పి ఉండేవో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

దొరికిన నాణేన్ని శుభ్రం చేయడంలో మన అలవాట్లే మనకు ప్రమాదం. రాగి చెంబును చింతపండుతో, వెండి కుంకుమభరిణెను విభూతితో తోమడం చూసిన చేతులు ఊరుకోవు. పాత కంచు నాణెం మీద ఉన్న నున్నని ఆకుపచ్చ పొర మురికి కాదు. రాజు ముఖం, అక్షరాలు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. పులుపు తగిలితే ఆ పొరతోపాటు అవీ పోతాయి. నాకు దొరికిన మొదటి వెండి పెన్నీని సంతోషంలో బొటనవేలితో రుద్దాను, వేలి కింద ఉన్న ఇసుక రేణువు వేసిన గీత ఆ ముఖం మీద ఇప్పటికీ ఉంది. వెండి నాణేన్ని మంచినీటిలో ఉంచి, రుద్దకుండా మట్టిని కరగనిచ్చి, మెత్తని గుడ్డ మీద ఆరనివ్వాలి. కంచు నాణేన్ని నీటిలో వేయకుండా నెమ్మదిగా ఆరనిచ్చి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో ఉంచాలి. దాని మీద లేత ఆకుపచ్చని పొడి రాలడం మొదలైతే అది మామూలు చిలుము కాదు, లోహాన్ని తినే జబ్బు; దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి నిపుణులకు చూపించాలి.

నేలలోంచి తీసిన ప్రతి నాణేన్నీ అక్కడికక్కడే విడి సంచిలో వేసి, తేదీ, లోతు, చోటు రాయాలి. చోటు కోసం ఫోనులోని యాప్ చూపే ఆర్డ్‌నెన్స్ సర్వే గ్రిడ్ సంఖ్యను కనీసం ఎనిమిది అంకెలతో రాయాలి. అంటే పది మీటర్ల చదరం. పది అంకెలైతే ఒక మీటరు వరకు తెలుస్తుంది. ఇంటికి వచ్చాక గుర్తు చేసుకుని రాద్దామనుకుంటే, నాలుగు నాణేలు దొరికిన రోజున ఏది ఎక్కడిదో తారుమారు అవుతుంది. ప్రతి ప్రాంతానికీ, సామాన్యులకు దొరికిన పాత వస్తువులను నమోదు చేయడానికి బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ తరఫున ఒక అధికారి ఉంటారు. ఒంటరి నాణెం నిధి కాకపోయినా, మూడు వందల ఏళ్లు దాటినదైతే వారికి చూపించండి. వారు ఫొటో తీసి, తూచి, గుర్తించి, అందరూ చూడగల జాబితాలో చేర్చి, నాణేన్ని తిరిగి ఇస్తారు. చేను ఎక్కడుందన్న కచ్చితమైన వివరం బయటికి కనిపించకుండా చూస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు వారిచ్చే నమోదు సంఖ్యను సంచి మీద చెరగని సిరాతో రాసి, ఆ సంచిని నాణెం నుంచి ఎప్పుడూ వేరు చేయకండి. రైతుకు కూడా ఆ సంఖ్య రాసిన కాగితం ఒకటి ఇవ్వండి.